అర లీటరు చాలు

"ఈ బల్క్ ఇంక్ ట్యాంకు బిగిస్తే, బ్యానరు మధ్యలో ప్రింటరు ఆగడమన్నదే ఉండదు సార్!" అన్నాను.

ఫ్లెక్సీ బ్యానర్ల షాపుకి ట్యాంకులు అమ్ముకుందామని వచ్చినవాణ్ని, మూడు గజాల దూరంలో ఉన్న అన్నదమ్ముల మధ్య రాయబారినైపోయాను. వాళ్లకి మాటల్లేక ఆరు నెలలని పక్కషాపు టైలరు ముందే చెప్పాడు.

"రెండు లీటర్లది వద్దని ఆయనకి చెప్పండి. అర లీటరుది చాలు," అన్నాడు కంప్యూటరు ముందున్న తమ్ముడు.

"నేనూ అదే అన్నానని వాడికి చెప్పండి," అన్నాడు ప్రింటరు దగ్గరున్న అన్న.

ఉప్పూ నిప్పూ ఒక్కమాట మీదికి రావడం అప్పుడే చూశాను.

"పెద్దదైతే నాలుగు రోజులకోసారి నింపితే చాలు. చిన్నదైతే రోజూ అదే పని సార్!" అని మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఇంతలో ప్రింటరులోని పాత ఇంక్ కార్ట్రిజ్ ఖాళీ అయి, ప్రింటరు కీచుమని ఆగింది.

"ఒరేయ్, నీలం అయిపోయిందిరా!" అని కేకేశాడు అన్న.

"తెస్తున్నా అన్నయ్యా!" ఈసారి మధ్యలో నా రాయబారం అక్కర్లేకపోయింది.

చూస్తే, తమ్ముడి చేతిలో కొత్త కార్ట్రిజ్ అప్పటికే సిద్ధంగా ఉంది.

"రోజుకి ఎన్నిసార్లు ఇలా?" అని అడిగాను.

"నాలుగైదు సార్లు," అన్నాడు అన్న, లాటరీ తగిలినవాడిలా.

రెండు లీటర్ల ట్యాంకు వివరాల కాగితాన్ని మెల్లగా సంచిలోకి తోసేశాను.

"పావు లీటరుది కూడా ఉంది సార్," అన్నాను.