భీమే కట్టిన లోన్

“ఈ ఊరికి పంపు ఇవ్వడం కుదరదు పెద్దమ్మా” అంటూ అభిషేక్ తన చేతిలోని కాగితం మడిచేశాడు.

సుక్మా అడవుల్లో, భేజ్జి దగ్గరి ఆ డోర్లా ఆదివాసీల గూడెంలో ఆడవాళ్ల సంఘానికి భీమేనే పెద్ద. ఉప్పు తప్ప ఇంకేదీ సంతలో కొనకూడదని పంతం పట్టి ఇరవై ఇళ్ల ఆడవాళ్లు పెరళ్లలో కూరగాయలు పండిస్తున్నారు. ఎండలు ముదిరితే మాత్రం వాగు నుంచి ఎన్ని కుండలు మోసినా సగం పాదులు మాడిపోతాయి. ఆ సోలార్ పంపు ఒక్కటి వచ్చిందంటే ఏడాది పొడుగునా ఎవరి దగ్గరా చెయ్యి చాపక్కర్లేదు.

“నీళ్లు మోసి మోసి మా మెడలు వంగినయ్ సారూ. ఇస్తమని చెప్పి ఇప్పుడు కుదరదంటే ఎట్ల?”

“నాకూ బాధగానే ఉందండీ. లోన్ ఉన్నవాళ్లకి పంపు ఇవ్వకూడదని మా సంస్థ రూలు. లోన్ ఉందా అంటే ఉందని మీరే అన్నారు కదా!”

“ఏంది సారూ, లోన్ లేని ఊరు యాడన్న ఉంటదా?”

ఎంత మాట అంది ఈ పెద్దావిడ అనుకున్నాడు అభిషేక్. కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు, ఉద్యోగంలో చేరి వారమైంది. తెలుగు వచ్చు కదా అని జగదల్‌పూర్ ఆఫీసువాళ్లు ఇటు తోలారు.

“పోనీ, మీ ఒక్కరికేనా?”

“అందరికీ ఉన్నయ్. సోమ్లీకి ఒకటి, కేసాకు రెండు.”

“రెండెందుకు?”

“పోయినేడు కొడుక్కు పెండ్లి జేసిండు. కోడలొస్తే కొత్త లోన్ గావాలె గద!”

పెళ్లికి లోన్! అభిషేక్ తల కొట్టుకున్నాడు. ఈ జాడ్యం అడవిని కూడా వదల్లేదన్నమాట.

“మీదెప్పటిది పెద్దమ్మా?”

“మా మామ కాలంది. ఆయన కట్టిండు, నా పెనిమిటి కట్టిండు. ఇప్పుడు నేను కడుతున్న.”

“మూడు తరాల నుంచా! ఇంకా పూర్తి కాలేదా?”

“యాడైతది సారూ? వానలు రాంగనే మళ్ల మొదటికొస్తది. ఏడాదికోపారి కొంచెమన్న కట్టకపోతే నెత్తిన పడ్తది” అంది భీమే నవ్వుతూ.

ఇంత కష్టంలోనూ నవ్వగలుగుతోందంటే ఏం మనిషి అనుకున్నాడు అభిషేక్.

“ఎవరండీ మిమ్మల్ని ఇలా పీక్కుతింటోంది?”

“చెదలు సారూ, చెదలు!”

“బాగా చెప్పారు. చెదపురుగులే వాళ్లు!” కుర్రాడి రక్తం ఉడికింది. “ఆ లోన్ కాగితాలు చూపించండి. సుక్మా వెళ్లి నేనే ఫిర్యాదు చేస్తా. అది లోన్ కాదని తేలిందా, ఇక్కడే, ఇప్పుడే పంపుకి సంతకం పెడతా.”

“కాగితాలెందుకు? లోన్‌నే చూపిస్త, రా.”

భీమే వెదురు తడిక తోసి పెరట్లోకి నడిచింది. అభిషేక్ వెంట నడిచాడు. చిక్కుడు పందిరి దాటి, సొర పాదు దాటి, ఎర్రమన్నుతో అలికిన గోడ ముందు ఆమె ఆగింది. గోడను ముద్దుగా తట్టింది. తలుపు తీసి, “పైలం సారూ, తల వంచు” అనేలోపే అభిషేక్ నుదురు ఠంగున గుమ్మానికి తగిలింది.

“అబ్బా! ఇక్కడికెందుకండీ? లోన్ ఏదీ?” అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

“నీ నెత్తికి తగిలింది అదే! నువ్వు మా డోర్లీ మాటల అడిగితివని నేను గూడ అట్లనే జెప్పిన సారూ. మీ తెలుగుల దీన్ని ఇల్లంటరు గద!”