పెరుగన్నం ముద్ద

తినిపించే చేతికి, ఆ తరవాత జరిగేదానిలో భాగం లేదని చెప్పగలనా? టిఫిన్ డబ్బాతో మత్తుగది వరండాలో కూర్చున్న కోదండపాణి తనను తాను ప్రశ్నించుకున్నాడు. కొత్త చట్టంతో వార్డుకొక గది వెలిసింది. మత్తుమందు విడవలేనివారు నర్సు కళ్లెదుటే సూది వేసుకోవచ్చు. ఖాళీ కడుపుతో వస్తే మాత్రం లోపలికి పంపరు.

"అమ్మాయికి రెండు ముద్దలైనా పెట్టండి బాబాయ్‌గారూ, పొద్దుట్నుంచీ ఏం తినలేదంట," అంది నర్సు సలోమి.

"పెట్టకపోతే?"

"పంపనండి. రూలు."

ఆయనకు ప్రాణం లేచివచ్చింది. ఈ పూటకైనా కూతురు మానేస్తుందేమో! డబ్బా మూత గట్టిగా అదిమిపట్టాడు.

పక్కనే కూర్చున్న మృదుల, వణికే చేతులను ఒళ్లో దాచుకుని నవ్వింది. "మూత తీయవేం నాన్నా? ఇవాళా ఉప్పు మర్చిపోయావా?" ఆయన డబ్బాను వెనక్కి జరిపాడు. "సర్లే, రైలుకట్ట కిందికి పోతా. తిన్నావా అని అక్కడెవడూ అడగడు."

అది బెదిరింపు కాదు. ఆమె స్నేహితురాలు పోయిన నెల అక్కడే సూది వేసుకుని, ఊపిరి ఆగిపోతుంటే చూసే దిక్కులేక చనిపోయింది. మృదుల లేచి మెట్లు దిగుతోంది.

మాన్పించడం తన వల్ల కాలేదు. ఒంటరిగా మాత్రం పోనివ్వకూడదు.

"ఆగు తల్లీ," అంటూ కోదండపాణి మూత తీశాడు. మెట్టు మీదే ఆమెను కూర్చోబెట్టి, ముద్ద కలిపి నోటికందించాడు.