గట్టు దాటిన గుడ్డు

మన చెరువులో తప్పయిన పని పక్క చెరువులో ఒప్పవుతుందనుకుంటున్నావా? ముందు సిగ్గుపడు, తర్వాత ఈ కథ విను.

పొగమంచులో తేలుతున్నట్టు మూడు చెరువులుండేవి. గుడ్డు లోపలి సన్నని పోగులు లాగి, పుట్టబోయే పిల్ల గుణం మార్చగల సాలీడు వాటి మధ్య తిరిగేది. మొదటి చెరువు కట్టుబాటు ఆ పని వద్దంది. రెండోది నాచుకైతే సరే, గుడ్డుకు వద్దంది. మూడో చెరువుకు కట్టుబాటే లేదు.

మొదటి చెరువులో ఉండే నీటికోడి పొన్ని పిల్లల్ని గద్ద ఎత్తుకుపోయింది. మిగిలిన ఒక్క గుడ్డును తామరాకులో చుట్టుకుని పొన్ని బయల్దేరింది.

"ఎక్కడికి పొన్నీ?" అని గట్టు మీది నీటికుక్క మామ అడిగాడు.

"అడ్డు చెప్పని చెరువుకి మామా. నా బిడ్డకి భయం తీయిస్తాను."

"భయంతోపాటు ఇంకేం ఊడొస్తుందో అడిగావా?"

"గద్ద తన్నుకుపోయింది నీ పిల్లల్ని కాదుగా" అని పొన్ని సాగిపోయింది.

మూడో చెరువులో సాలీడు గుడ్డులోంచి భయం పోగు లాగేసింది. పిల్ల పుట్టి, కలలోలా తామరాకుల మీద నడిచింది. ఇంతలో నీళ్ళ మీద గద్ద నీడ పడింది. పొన్ని కేకవేసింది. తల్లి కేక వినగానే పిల్లను పరుగెత్తించేదీ ఆ పోగే. పిల్ల కదలకుండా, నీడను ముచ్చటగా చూస్తూ నిలబడింది. గద్ద వాలింది.

మంచు పట్టిన ప్రతి ఉదయం పొన్ని ఇంకా పిలుస్తూనే ఉంది, ఖాళీ నీటిని.