తుఫాను మీట

ఆ కాలపు కార్లది మొద్దునిద్ర. ఫోనులో తట్టి లేపితే, కళ్లు తెరిచేసరికి పొయ్యి మీది అన్నం ఉడికిపోయేది.

తెల్లవారుతుండగా గౌరికి నొప్పులు మొదలయ్యాయి. అత్త పైడమ్మ ఫోను అందుకుని కారును లేపింది. "లేస్తున్నాను" అందే గాని కారు కదల్లేదు. మళ్లీ నొక్కబోతే కంగారులో వేలు జారి, తుఫానొస్తే వీధి వీధంతా బయల్దేరడానికి పెట్టుకున్న మీట మీద పడింది.

కొండ మీదికెక్కే ఆ వీధిలో కింది నుంచి పైదాకా ఒక్కో కారూ కళ్లు తెరవసాగింది. మసక చీకట్లో దీపాలు బారులు తీరుతుంటే పైడమ్మ అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏటత్తా, అలా నిలబడిపోనావు?" అంది గౌరి గుమ్మం పట్టుకుని.

"వీధంతా నీకోసం లెగిసిందే అమ్మా."

ఎదురింటి సింహాద్రి పరుగున వచ్చాడు. "తుఫానేటి పిన్నీ?" అంటూనే గౌరిని చూసి తన కారు తలుపు తీశాడు. "మీదానికన్నా మాదే ముందు లెగిసింది. ఎక్కించు."

మిగతా కార్లన్నీ గోడవారకు జరిగి దారిచ్చాయి.

అప్పటికి లేచింది వాళ్ల కారు. "ఎక్కడికి?" అని ఫోనులో అడిగింది.

"ఇప్పుడు తొంగో తల్లీ," అంది పైడమ్మ. "పసిగుడ్డుని ఇంటికి తెచ్చేది నువ్వే. ఆ పొద్దు మాత్రం బేగి లెగు."