ట్యాంకు మీద సూర్యుడు

"ఏమయ్యా కళ్లజోళ్లాయనా! ఆ గొట్టం మా డాబా మీదికెందుకు గురిపెట్టావు?"

గేటు తోసుకుని వచ్చిన టైలరమ్మది వెనక వీధి. పెరట్లో టెలిస్కోపు నిలబెట్టి, వెనక కెమెరా బిగించి, దిగిపోతున్న సూర్యుణ్ణి ఫొటో తీసే హడావుడిలో ఉన్న కళ్లజోళ్లాయన ఉలిక్కిపడ్డాడు.

"నేను తీసేది సూర్యుణ్ణమ్మా!"

"సూర్యుడికి మా డాబా మీద ఏం పని? నేనక్కడ బట్టలు ఆరేసుకుంటాను. నీళ్లున్నాయో లేదో చూద్దామని ట్యాంకెక్కిన మా ఆయనే కళ్లారా చూసి వచ్చి చెప్పాడు. డాక్టరు ఒక్క మాటంటే సిగరెట్టు మానేసిన మనిషి. ఆయన నోట అబద్ధం రాదు."

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ భార్య వచ్చింది. "అదే నిజమైతే వదినా, రేపు పొద్దున్నే దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను."

ఆవిడ అన్నదంటే చేస్తుంది. కళ్లజోళ్లాయన గబగబా గొట్టం మూతి దగ్గరికెళ్లాడు.

"గొట్టం మూతికి ఈ నల్ల ఫిల్టరు చూడండి. ఇది లేకుండా సూర్యుణ్ణి చూస్తే కన్ను మాడిపోతుంది. ఇది ఉంటే సూర్యుడి వెలుగు తప్ప ఇంకేమీ లోపలికి రాదు."

గొట్టాన్ని టైలరమ్మ దండెం మీదికి తిప్పాడు. కెమెరా తెర తారు పూసినట్టయింది.

"మీ చీరలు కనిపిస్తున్నాయా?"

"కొంగు కూడా కనపడట్లేదు," అంది టైలరమ్మ, గొంతు తగ్గించి.

ఆయన మళ్లీ సూర్యుడి వైపు తిప్పుతూ తన వెనకున్న ఇంటి గోడకేసి చూడసాగాడు.

"సూర్యుడు అటుంటే ఇటు వెతుకుతారేం?" అంది భార్య.

"గోడ మీద గొట్టం నీడ చిన్నదైతే సూర్యుడికి సూటిగా ఉన్నట్టు. కన్నుపెట్టి వెతక్కూడదే!"

తెర మీదికి నిండు సూర్యుడొచ్చాడు. ముగ్గురూ తలలు వంచారు. బింబం అడుగున నీళ్ల ట్యాంకు అంచు. దాని మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న నల్లటి ఆకారం. బట్టతల, దొప్ప చెవులు, మూతికి సిగరెట్టు, పైకి తీరిగ్గా లేస్తున్న పొగ.

కళ్లజోళ్లాయన గబుక్కున గొట్టాన్ని పక్కకి తిప్పబోయాడు. టైలరమ్మ దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ఇది ఎవరికీ ఇవ్వకు వదినా! అన్నయ్యగారూ, రేపు సాయంత్రం కూడా మా ట్యాంకు మీదికే పెట్టండి."