ఫ్రీగా వచ్చిన కేకు

"ఎవరిదండీ పుట్టినరోజు?"

పురోహితుడు భీమశంకరం గారు ఇంకా చెప్పులైనా విప్పలేదు. భీమడోలులో రైసుమిల్లు చలపతిరావు గారంటే మాటలు కాదు. ఆయనే స్వయంగా గుమ్మానికి అడ్డంగా నిలబడి, సెల్‌ఫోను ముందుకు చాచి నిప్పులు కక్కుతున్నారు. ఒంటి మీద తడి పంచె, పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టని కడుపు. ఆ రోజు ఆయన తండ్రిగారి తద్దినం.

"మిమ్మల్నేనండీ పంతులుగారూ! నాన్నగారి ఫొటోకి దండ వేస్తున్నాను. ఫోను మోగింది. చూద్దును కదా, కేకు! కేకు మీద కొవ్వొత్తులు! పైగా బ్యాండు మేళం! కింద ఏదో రాశారు, కళ్ళజోడు లేక నాకు ఆనలేదు. మా అమ్మ చదివింది. మీరూ చదవండి, గట్టిగా."

భీమశంకరం గారు గొంతు సవరించుకుని చదివారు.

"చలపతిరావు గారికి జన్మదిన శుభాకాంక్షలు. ఇలాంటి రోజు మీ ఇంట మళ్ళీ మళ్ళీ రావాలని కోరుకుంటూ, మీ భీమశంకరం, పురోహితులు, ఏలూరు."

"ఇలాంటి రోజు మళ్ళీ మళ్ళీ రావాలా? ఇంట్లో ఉన్నది మా అమ్మా, మా ఆవిడా, నేనూ. ముందు ఎవరి వంతో అది కూడా రాసేయాల్సిందండీ!"

లోపల కుర్చీలోంచి తల్లి జ్ఞానప్రసూనాంబ గారు తొంగి చూశారు. "ఆ కేకులో గుడ్డు వేశారేమో అడగరా. తద్దినంపూట ఇంట్లోకి రానివ్వకూడదు."

పొరపాటు ఎక్కడ జరిగిందో భీమశంకరం గారికి చటుక్కున తట్టింది. ఫోన్లో ఎవరి నంబరు రాసుకున్నా పక్కన పుట్టినరోజుకి ఒక గడి ఉంటుంది. తద్దినానికి గడి పెట్టాలన్న ఇంగితం ఆ ఫోను చేసినవాళ్ళకి లేకపోయింది. అందుకని ఆయన ఉగాదికి కొత్త పంచాంగం రాగానే, ఎవరింట్లో తద్దినం ఏ తారీకున పడిందో చూసి, ఆ ఇంటి యజమాని పేరు పక్కన పుట్టినరోజు గడిలో వేసేసుకునేవారు. ఆ పొద్దున గంట మోగేది, ఈయన సంచీ పట్టుకుని బయలుదేరేవారు. ఇన్నాళ్ళూ ఏ గొడవా లేదు.

నిన్ననే కోడలు సాయిదుర్గ ముచ్చటపడి ఆ నంబర్లూ తారీకులూ అన్నీ తన కంప్యూటర్లోకి కలిపింది. "ఫోను పోయినా ఇవి పోవండి మావయ్యగారూ. పైసా ఖర్చు లేదు, ఫ్రీ" అంది. ఫ్రీ అన్న మాట వింటే ఈయనకి చెవిలో అమృతం పోసినట్టుంటుంది. ఆ ఫ్రీలో, పుట్టినరోజు గడి చూసి దానంతటదే ఈయన పేరుతో కేకు పంపడం కూడా ఉంటుందని కలగన్నారా పాపం!

"తద్దినానికి గూడెం నుంచి వేరే ఆయన్ని పిలిపించుకుంటానండి. మీరు దయచేయొచ్చు" అన్నారు చలపతిరావు గారు.

భీమశంకరం గారు గబగబా లెక్క వేసుకున్నారు. ఈ ఇల్లు పోతే ఒక్క ఇల్లుతో పోదు. చలపతిరావు గారు పిలిచిన పంతుల్నే ఊళ్ళో సగంమంది పిలుస్తారు.

"అయ్యా, మీ కళ్ళ ముందే సరిచేయించేస్తాను. ఒక్క నిమిషం ఓపిక పట్టండి" అని కోడలికి ఫోను కలిపారు.

"అమ్మా సాయిదుర్గా! కొంప మునిగింది. అవి పుట్టినరోజులు కావమ్మా, తద్దినాలు! చలపతిరావు గారికి కేకు వెళ్ళింది!"

"అయ్యయ్యో! ఉండండి మావయ్యగారూ, ఇప్పుడే మార్చేస్తాను." అటు వైపు టకటకా చప్పుడు. "తద్దినం అన్నది దీన్లో లేదండి. వర్ధంతి అని ఉంది, అది పెట్టేస్తున్నాను. ఇంక కేకు రాదండి, దీపం వస్తుంది. ఎవరెవరు వస్తున్నారో కూడా అదే కనుక్కుని మీ ఫోనుకి చెప్పేస్తుందిట. అదీ ఫ్రీయేనండి!"

"విన్నారా? ఇంక కేకు రాదు, దీపమే" అన్నారు భీమశంకరం గారు, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు.

చలపతిరావు గారు కాసేపు మీసం దువ్వుకున్నారు. కోపం కంటే ఆకలి ఎక్కువగా ఉంది. తద్దినం అయితేగాని వడ్డన లేదు. "సరే, రండి లోపలికి. తద్దినం పూట నేనూ నోరు పారేసుకున్నాను" అన్నారు.

చాపలు పరిచారు. నువ్వులూ దర్భలూ వచ్చాయి. భీమశంకరం గారు ఎన్నడూ లేనంత శ్రద్ధగా, అక్షరం మింగకుండా మంత్రాలు చెప్పసాగారు. చలపతిరావు గారు కళ్ళు మూసుకుని తండ్రిని తలుచుకుని నీళ్ళు వదలబోతుండగా, ఆయన పక్కన పెట్టుకున్న ఫోను మళ్ళీ మోగింది.

మంత్రం ఆగింది.

చలపతిరావు గారు ఫోను చెయ్యి చాచి పట్టుకుని, కళ్ళు చికిలించి చూశారు. దీపం బొమ్మ. ఆయన మొహం మెత్తబడింది.

"దీపమేనండి. బాగుంది. కింద పచ్చగా ఏదో ఉంది, నొక్కమంటోంది. నొక్కమంటారా?"

"నొక్కండి, నొక్కండి. అన్నీ సరిచేయించానుగా" అన్నారు భీమశంకరం గారు ధీమాగా.

చలపతిరావు గారు భక్తిగా నొక్కి, ఫోను పక్కన పెట్టి, దోసిలి పట్టారు.

అంతలో భీమశంకరం గారి బొడ్డులో దోపుకున్న ఫోను గిలిగింతలు పెట్టింది. ఉత్తరీయం చాటున తీసి చూసుకున్నారు.

"ఈరోజు చలపతిరావు గారి వర్ధంతి. తప్పక వస్తానన్నవారు: చలపతిరావు గారు."