రద్దయిన టిక్కెట్టు

భార్య పోయిన మూడు నెలలకు లెక్కల మాస్టారు క్రెడిట్ కార్డు కంపెనీకి ఫోన్ చేశారు. ఏడేళ్లుగా ఆయన రివార్డు పాయింట్లు కూడబెడుతున్నారు. మిక్సీలాంటివి తీసుకుంటే పాయింటుకు పావలా గిడుతుంది, విమానం టిక్కెట్టయితే రూపాయి. "ఇప్పుడే కాదు, ఇంకొంచెం పోగవనీ. ఇద్దరం దర్జాగా వెళ్దాం" అని ఏటా ఆమెను ఆపుతూ వచ్చారు. "మీ ఇష్టం" అనేది ఆవిడ.

"ఒక్క టిక్కెట్టు చాలమ్మా. ఎక్కడికైనా సరే" అన్నారు.

"క్రితంసారి బుక్ చేసిన ఊరికే చూడమంటారా సార్?" అంది ఫోన్లో అమ్మాయి.

"క్రితంసారేంటి? నేనెప్పుడూ ఆ పాయింట్లు ముట్టుకోలేదే!"

"మేడమ్ గారు తీసుకున్నారండీ, మీ ఖాతా మీదే మీరిప్పించిన రెండో కార్డుతో. రెండేళ్లయింది. పొద్దున పదకొండింటికి ఒక్కరికే టిక్కెట్టు తీసుకుని, తర్వాత రద్దు చేశారు. పాయింట్లన్నీ వెనక్కొచ్చేశాయి."

ఆ అమ్మాయి చెప్పిన ఊరి పేరు ఆవిడ నోట ఆయన ఎన్నడూ వినలేదు.

"తిరుగు ప్రయాణం ఎప్పటికి పెట్టుకుంది?"

"అది లేదండీ. వెళ్ళడానికి మాత్రమే తీసుకున్నారు."



"మరి రద్దు ఎప్పుడు చేసింది?"

"అదే రోజు సార్. సాయంత్రం ఐదూ నలభైకి."

రోజూ ఆయన బడి నుంచి వచ్చి తలుపు తట్టే వేళ అది. ఆ రోజూ ఆవిడే తలుపు తీసి ఉంటుంది. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో ఎంత తలచుకున్నా ఆయనకు గుర్తు రాలేదు. ఆయన చూడనే లేదు.